రాత్రి అద్దాలు

అందరు పండుకునేటప్పుడు కండ్లద్దాలు తీసి పెడ్తరు.
రాజలింగు పండుకునేటప్పుడు పెట్టుకుంటడు.

దోహా, ఇండస్ట్రియల్ ఏరియా, ముప్పై ఎనిమిదో గల్లీ.
ఎనిమిది మంచాలకు ఒక్క ఏసీ,
ఆ ఏసీకి ఎప్పుడు గొంతునొప్పే.
తొమ్మిదిన్నరకు సబ్బుతోని చేతులు కడిగి
ఒడిల తెల్లకాయితం పరుచుకోని కూసుంటడు.
ఎడమది నీలం, కుడిది పచ్చ,
ఒక్కొక్కటి చింతగింజ పొట్టంత లేదు.
రెప్పను రెండువేళ్లతోని విప్పి
నల్లగుడ్డు మీదికి దించుతడు,
తాను గోడ మీద తాడుకు దిగినట్టే,
ఊగకుంట.

"గాజు పెట్టుకుంటే కలలు సాఫ్ కనబడ్తయారా?"
మొదటి వారం అందరం నవ్వినం.
చిత్వన్ పిలగాడు టికారాం నెలదాంక నవ్విండు.

సంగతేందంటే,
పోయిన ఎండకాలం వెస్ట్ బేల
ముప్పై ఒకటో అంతస్తు కాడ
చెమటకు జారి వాని కండ్లద్దాలు పడ్డయ్.
కింద ఎవ్వలకు తాకలే,
పడ్డ చప్పుడు గూడ పైదాంక రాలే.
సేఫ్టీ ఆఫీసర్ మాత్రం కాయితం రాసిండు:
ఎత్తు నుంచి పడిన వస్తువు, ఒకటి.
మూడు దినాల జీతం కట్.
అద్దాలతోని తాడెక్కనియ్య అన్నడు.
అద్దాలు లేకుంటే వానికి
తలమీది కొక్కెం గూడ ఆవిరే.
పగటి లెన్సులు పెడితే దుమ్ము సొచ్చి
కండ్లు చింతనిప్పులైనయ్.

మలయాళీ మేడం బీనమ్మ హిందీల చెప్పిందంట:
కంటి మీది పొర మెత్తటిది,
రాత్రంత అద్దం ఒత్తితే ఇంత సదునైతది,
పొద్దుగాల తీస్తే దినమంత సూపు నీదే.
"కాని మర్చిపోతది. రోజూ మల్ల చెప్పాలె."

రెండు నెలల ఓవర్‌టైం దానికే పోయింది.
ఏం కొన్నవని సుగుణ ఫోన్‌ల అడిగితే
"సూపు" అన్నడు.
ఆమె నమ్మలే.

ఒక శనివారం రాత్రి పచ్చది జారింది.
"ఎవ్వలు అడుగు తియ్యకుండ్రి!"
ఉన్నకాడ్నే మోకాళ్ల మీద కూలవడ్డం,
ఫోన్ల లైట్లు నేలకు ఆనిచ్చి.
రెండేండ్లు నడిచిన నేలను
అప్పుడే సూసిన నేను:
ఎవ్వనిదో గోరు, పాత సిమ్ కార్డు,
బొద్దింక మీసం,
మాకంటె ముందు ఉన్నోడెవ్వడో
మంచం కోడు మీద నెలలు గీసుకున్న గీతలు.
పందొమ్మిది. ఆ తర్వాత లెవ్వు.
గంటకు దొరికింది,
టికారాం మడమకు అంటుకోని.
అప్పుడు వాడు నవ్వలే.

దాని మీద గీత పడ్డది. కొత్తది రావాలంటే పది దినాలు.
మొదటి దినం మంచిగనే ఉండె,
రెండో దినం బోర్డుల అక్షరాలకు నూగు లేసింది,
నాలుగో దినానికి కుడికన్ను
ఎన్నడు ఏం నేర్వనట్టు పాత కన్నయింది.
కడుపునొప్పని చెప్పి
కిందనే ఉండి బకెట్లు కడిగిండు.

కొత్తది వచ్చిన వారానికి
పందొమ్మిదో అంతస్తుల ఏదో పెద్దోళ్ల కండ్ల దవాఖాన.
అద్దానికి చెయ్యి అడ్డం పెట్టి లోపటికి సూసిండు.
కుర్చీల అరబ్బు పిలగాడు, దూరపు గోడకు అట్ట,
అట్ట మీద మూడుపండ్ల దువ్వెనలు,
ఒక్కోటి ఒక్కో దిక్కు.
పిలగాడు కిందివరసల ఆగిపోయి
బిక్కమొకంతోని వెనుకకు మర్రిండు.
తాడు మీద మనిషి!
రాజలింగుకు ఆ వరస సుత కనబడ్డది,
పండ్లతో సహా.
సబ్బునురుగుల వేలువెట్టి
దువ్వెన గీసి సూపెట్టిండు.
పిలగాడు సంబురంగ చెయ్యి చాపి చెప్పిండు.
డాక్టరు కాదని తల ఊపిండు.

ఆ రాత్రి చేతులు కడుక్కుంట
రాజలింగు మాకు చెప్పిండు:
"నా దిక్కుకెళ్లి కరెక్టే ఉండెరా.
అద్దం అవుతల తిర్లబడ్తదని
నాకు యాదికి రాలే."

లైటు బందు చేసినం.